రోజూ పోయే ఉద్యోగం

మైనం గది మేడ
పూలు మొదలైన వారం

వదినకి,

చేరాను. బస్సు దిగి నడుస్తుంటే చెప్పు తెగింది. మిగిలిన దారంతా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి మట్టితో నడిచాను. గుమ్మంలో నన్ను చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలీదు. అడిగేంత ఇంగ్లీషు నాకు రాదు.

ఇక్కడ ఊరంటూ లేదు. ఒక కొండవాలు, దాని మీద వరసగా తెల్లరంగు వేసిన తేనెపెట్టెలు, కింద రేకుల కొట్టం. కొట్టంలో ఒక పక్క తేనె తీస్తారు, ఇంకో పక్క మైనం కరిగిస్తారు. ఆ మైనం పొయ్యికి సరిగ్గా పైన నా గది. నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. గదికి తాళం ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. నాకంటూ ఒక తాళంచెవి ఉండడం ఇదే మొదటిసారి. మెడలో కట్టుకుని తిరుగుతున్నాను.

యజమానురాలు వయసు మళ్ళిన మనిషి. మొహం మీద తెల్ల వల ముసుగు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ముసుగావిడ అని పేరు పెట్టాను. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. దాన్ని కూడా పొదుపుగానే వాడుతుంది. ఇంకో మనిషి పెట్టెల మేస్త్రి. తేనెపెట్టెలకి చెక్కపని ఆయనదే. ఆయనదీ ఇంగ్లీషే అంటారు గానీ, నోట్లో ఎప్పుడూ మేకులు పట్టుకుని ఉంటాడు. నాకు 'ఉమ్ ఉమ్' తప్ప ఏమీ వినపడదు.

పని ఇంకా నాది కాలేదు. ఆఖరి తేనె తీసేదాకా ఆవిడ నన్ను చూస్తుందట. నచ్చితే ఈ పనీ, ఈ గదీ నావి. నచ్చకపోతే మళ్ళీ మన పంపుల కొట్లో గల్లా దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా "అన్నయ్య భోంచేస్తున్నాడండీ, కూర్చోండి" అని చెప్పడమే. అది చెడ్డ పనని కాదు. ఆ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది, అంతే.

ఒక చిక్కు వచ్చింది. మొదటిరోజు ముసుగావిడ నాకు వల కుట్టిన టోపీ ఒకటి ఇచ్చి "కీప్ ఇట్" అంది. కీప్ అంటే పెట్టడమని మనం అనుకుంటాం కదా. "వేర్?" అని అడిగాను, ఎక్కడ పెట్టమంటారని. ఆవిడ నన్ను కాసేపు చూసి చెయ్యి ఇలా గాల్లో ఊపి వెళ్ళిపోయింది. గోడకున్న మేకుకి తగిలించాను. మర్నాడు ఆవిడే దాన్ని తెచ్చి మళ్ళీ నా చేతిలో పెట్టి "కీప్ ఇట్" అంది. మేకు నచ్చలేదు కాబోలని అలమరలో పెట్టాను. మళ్ళీ తెచ్చింది. కిటికీలో పెట్టాను, సీసాల బల్ల మీద పెట్టాను, ఆఖరికి ఆవిడ గుమ్మం పక్కనే పెట్టి చూశాను. ప్రతిసారీ తెస్తుంది, అదే మాట అంటుంది, ఈమధ్య కొంచెం గట్టిగా అంటోంది. ఇంక పెట్టడానికి చోటు మిగల్లేదు వదినా. ఆ టోపీకి సరైన చోటేదో ఆవిడే చెప్పెయ్యచ్చు కదా? ఇది నా తెలివికి పరీక్షా?

వెంటనే రాయి.

నీ ఆడపడుచు


బడి వరండా
మధ్యాహ్నం గంట కొట్టక ముందు

మా ఇంటి కందిరీగకి,

ఆ టోపీకి సరైన చోటు నీ తల.

కీప్ ఇట్ అంటే నువ్వే ఉంచుకో, ఇది నీదే అని. ఆవిడ నీకు టోపీ ఇచ్చేసిందే పిచ్చిదానా. నువ్వు రోజూ దాన్ని తీసుకెళ్ళి ఎక్కడో ఒకచోట వదిలేస్తుంటే, ఇచ్చింది నీకు నచ్చలేదనుకుని ఉంటుంది. ఈ ఉత్తరం చదవగానే తలకి పెట్టుకుని వెళ్ళి ఎదురుగా నిలబడు.

మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ముద్ద గొంతుకి అడ్డం పడింది. మంచినీళ్ళు తాగి, "పోయిన మొదటిరోజే మా చెల్లికి టోపీ పెట్టారన్నమాట" అన్నాడు. ఆ మాట అప్పట్నుంచి కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. పంపు బాగుచేయించుకోవడానికి వచ్చినవాడు కథ మొత్తం విన్నాకే పంపు చూపించాలి.

తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఇక్కడ మేమందరం అలాగే అంటాం. 'కీప్ ద బుక్ ఆన్ ద టేబుల్' అని నేనే పిల్లలకి రోజూ చెబుతాను. మన 'పెట్టు' అనే మాట ఇంటిచాకిరీ అంతా ఒక్కతే చేస్తుంది చూడు. అన్నం పెడుతుంది, పేరు పెడుతుంది, పొగ పెడుతుంది, ముద్దు పెడుతుంది, మొహం అదోలా పెడుతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. పుస్తకం బల్ల మీద పెట్టడం పుట్. పెట్టినదాన్ని అక్కడే ఉండనివ్వడం కీప్. నీ చెయ్యి వదిలేదాకా పుట్, వదిలాక కీప్. నిన్న ఇదే తరగతిలో చెప్పాను.

ఇంకో వాడుక ఉంది. కీప్ పక్కన ఇంకో క్రియ వచ్చి దాని తోకకి 'ఇంగ్' ఉంటే, ఆ పని ఆపకుండా చేస్తూనే ఉండడం. కీప్ వాకింగ్ అంటే నడుస్తూనే ఉండు. ఇది చెప్పిన మర్నాడే ముందు బెంచీ పిల్ల ఆలస్యంగా వచ్చింది. ఎందుకాలస్యం అంటే, "ఐ కెప్ట్ స్లీపింగ్ మేడమ్" అంది. ఒక్క తప్పు లేదు. తిట్టడానికి నోరు రాలేదు.

మనుషుల విషయంలోనూ కీప్ అంటే ఉంచుకోవడమే. ఆవిడ నిన్ను కీప్ చేస్తానంటే పని నీదైనట్టు. చెయ్యనంటే మూట కట్టుకోమన్నట్టు. ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని ఉండు.

చెప్పు కుట్టించుకున్నావా?

మీ వదిన


మైనం గది మేడ
పూల కాలం మధ్యలో

వదినకి,

టోపీ పెట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. ముసుగావిడ "ఎట్ లాస్ట్" అని గట్టిగా ఊపిరి వదిలింది. మేస్త్రి మేకులు నోట్లోంచి తీసి మరీ నవ్వాడు. ఆయనకి పళ్ళు ఉన్నాయని అప్పుడే తెలిసింది.

ఇక్కడ కీప్ లేకుండా పూట గడవదు. తేనెటీగల్ని పెంచడం కూడా 'కీప్ బీస్' అనేనట. ఒకరోజు ముసుగావిడ తేనె సీసా ఎత్తి చూపిస్తూ, "హనీ కీప్స్" అంది. నాకు మతి పోయింది. తేనె ఉంచుకుంటుందా? దేన్ని ఉంచుకుంటుంది? ఎవరికోసం? ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్ళి అలమర వెనకనుంచి పాత సీసా ఒకటి తీసి, మూత తిప్పి, వేలితో నాకించింది. ఎప్పటిదో తేనె. నిన్న తీసినట్టే ఉంది. అంటే చెడిపోకుండా నిలవుంటుందని. ఇది రాసుకో, పిల్లలకి చెప్పు. పాలు కీప్ కావు, తేనె కీప్ అవుతుంది.

ఇంకో పొరపాటు చేశాను గానీ, అది జరిగాక గానీ అర్థం కాలేదు. మొన్న వంట నా వంతు. అన్నం పెడతాను రండి అనబోయి, పాత అలవాటుగా "ఐ కీప్ ఫుడ్ ఫర్ యు" అన్నాను. ఆవిడ "థ్యాంక్యూ" అని పెట్టెల దగ్గరికి వెళ్ళిపోయింది. నేను కంచాలు వేసుకుని గుమ్మంలో ఎదురుచూపులు. ఆవిడేమో నేను తిండి తన కోసం దాచి ఉంచుతానన్నాను కదా అని నింపాదిగా పొద్దుగూకాక వచ్చింది. ఆకలికి నా కళ్ళు తిరుగుతున్నాయి. యజమానురాలు తినకుండా ఎలా తింటానని కూర్చున్నాను మరి.

పని మాత్రం వచ్చేసింది. పెట్టె మూత తీస్తే లోపలినుంచి ఒక వెచ్చటి గాలి మొహానికి కొడుతుంది. మైనం, తేనె, ఇంకేదో కలిసిన వాసన. తొందరపడకూడదు. చెయ్యి నెమ్మదిగా పోతే అవి పట్టించుకోవు. "కీప్ స్టిల్" అంటుంది ముసుగావిడ, కదలకుండా ఉండు అని. నా జన్మలో నేను కదలకుండా ఉన్నది ఇక్కడే. అన్నయ్య చూస్తే నమ్మడు. గుంపులో రాణిఈగని నేను ఆవిడకంటే ముందు పట్టేస్తున్నాను. మిగతా ఈగలు దానికి దారి ఇచ్చే తీరు చూస్తే తెలిసిపోతుంది. నిన్న వరసగా నాలుగు పెట్టెల్లో పట్టాను. అయిదో పెట్టె దగ్గర ఆవిడ వెనక్కి జరిగి మూత నన్ను తియ్యమంది.

గడ్డం కింద ఒకటి కుట్టింది. రెండు రోజులు మాట బొంగురుపోయింది. నా ఇంగ్లీషు అప్పుడే బాగుందని మేస్త్రి అన్నాడు, అన్నాడనే అనుకుంటున్నాను.

ఆఖరి తేనె దగ్గర పడుతోంది. ఆవిడ ఇంకా ఆ మాట అనలేదు. చెవులు రిక్కించుకునే ఉన్నాను.

నీ ఆడపడుచు


మైనం గది మేడ
ఆఖరి తేనె ముందు

వదినకి,

పని పోయింది.

నిన్న సాయంత్రం తేనెపట్టు చట్రాలు కడిగి లోపల పెట్టాక ముసుగావిడ గుమ్మంలో నిలబడి నాతో కాసేపు మాట్లాడింది. మబ్బు గురించి, ఈగలు మబ్బుకి చిరాకు పడడం గురించి. ఎప్పుడూ లేనిది అంతసేపు మాట్లాడుతోందంటే నేను మురిసిపోయాను. తర్వాత గోడ గడియారం చూసింది. "వెల్, ఐ వోంట్ కీప్ యు" అంది. చాలా మర్యాదగా అంది. నవ్వుతూ కూడా అంది.

ప్రతి ముక్కా అర్థమైంది వదినా. ఇంత స్పష్టంగా ఇంగ్లీషు అర్థం కావడం ఇదే మొదలు. ఇంకేమైనా చెబుతుందేమోనని అక్కడే నిలబడ్డాను. ఆవిడా నిలబడింది. కాసేపటికి "గుడ్ నైట్" అని లోపలికి పోయింది.

ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు. బట్టలు సంచిలో సర్దాను. పెద్దగా లేవు కదా, వెంటనే అయిపోయింది. అన్నయ్యకి చెప్పు, వస్తున్నానని. గల్లా పెట్టె తాళం బిగుసుకుని ఉంటే నూనె వెయ్యమను.

ఇది టపాలో వేసేలోపే ఇంకో సంగతి. ఎప్పుడు వెళ్ళాలో ఆవిడ చెప్పలేదు కాబట్టి పొద్దున్నే పనికి పోయాను. మామూలుగానే పని చెప్పింది. సాయంత్రం గడియారం చూసి మళ్ళీ తీసేసింది. అదే మాట, అదే నవ్వు.

టపా మనిషి ఇవాళా రాలేదు. ఇవాళ కూడా తీసేసింది. పొద్దున్నే మళ్ళీ పోతాను. ఏం చేస్తుందో చూద్దాం.

వదినా, రోజూ తీసేస్తోంది. ఇలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. తీసేసినప్పుడల్లా నేను ఇంకొంచెం పెందలాడే లేచి పోతున్నాను. నిన్న ఆవిడ లేవకముందే ఈగలకి పట్టే పొగడబ్బా రాజేసి పెట్టెల దగ్గర నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి ఉలిక్కిపడింది. ఏమిటీ పట్టుదల అని నువ్వు అడగచ్చు. ఈ పని నాకు చేతనవును. అది ఆవిడ నోటితో అనిపించుకునే కదులుదామని.

మేస్త్రికి మాత్రం సర్దిన సంచి చూపించి "ఐ గో హోమ్" అని చెప్పేశాను. ఆయన మేకులు తీసి నా వంక చూసి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

టపా మనిషి వచ్చాడు. ఇచ్చేస్తున్నాను.

నీ ఆడపడుచు


ఇంట్లో, వంటింటి బల్ల
పొయ్యి ఇంకా వెలిగించలేదు

కందిరీగా,

సంచిలోంచి బట్టలు తీసెయ్. ముందు అది చేసి తర్వాత చదువు.

నీ ఉత్తరం చూసి మొదట నేనూ నిజమే అనుకున్నాను. మొహం కడుక్కుని మీ అన్నయ్యకి చెప్పాను. రాత్రి మళ్ళీ తీసి చదివితే గడియారం దగ్గర నా కళ్ళు ఆగాయి. తీసేసేవాళ్ళు ఒక్కసారి తీసేస్తారు. రోజూ గడియారం చూసి, నవ్వి, తీసేసి, పొద్దున్నే పని చెప్పేవాళ్ళు ఉంటారా? మర్నాడు బడికి పోయి పెద్ద నిఘంటువు దింపాను. కీప్ ఒక్కదానికే ఒక పేజీ చాల్లేదు. వేలు పెట్టుకుంటూ పోతే కింద ఎక్కడో ఉంది. కీప్ అంటే ఆపడం, ఆలస్యం చేయించడం కూడా.

ఐ వోంట్ కీప్ యు అంటే నిన్నింక ఆపనమ్మా, పొద్దుపోయింది, నీ పని చూసుకో అని. అంతే! పొద్దుటినుంచీ చేశావు, అలిసిపోయావు, వెళ్ళి పడుకో అని ఆవిడ రోజూ నీ మీద జాలిపడుతోంది. నువ్వేమో అక్కడే స్తంభంలా నిలబడిపోతున్నావు. నువ్వు కదిలితే లోపలికి పోదామని ఆవిడ చూస్తుంటుంది. ఎన్నిసార్లు ఆవిడ భోజనం చల్లారిపోయిందో!

మనుషుల విషయంలోనూ అంతే అని నేను రాసిన ముక్క కొట్టెయ్. మాట విని మొహం చూడాలి. మనం మాత్రం తక్కువా? చుట్టాలింటినుంచి బయల్దేరుతూ 'వస్తాను' అంటాం. ఆ ముక్క పట్టుకుని ఎవరైనా మర్నాడు మన కోసం వంట చేసి కూర్చుంటే?

తరగతిలో ఈ సంగతి చెబితే పిల్లలకి పండగైపోయింది. ఇప్పుడు బడి గంట కొట్టే వేళకి అందరూ కలిసి నాతో, "మేడమ్, వి వోంట్ కీప్ యు" అంటున్నారు.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. ఆవిడ తీసెయ్యలేదు, నిజమే. ఉంచుకుంటానని కూడా ఇంకా అనలేదు. పైగా ఇంటికి పోతున్నానని నువ్వే మేస్త్రితో చెప్పావు. ఆయన నోట్లో మేకులున్నాయి గానీ చెవుల్లో లేవు. వెంటనే ఆవిడ దగ్గరికి వెళ్ళు. నీకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పు.

మీ అన్నయ్యకి ఇదంతా ఇంకా చెప్పలేదు. నువ్వు వస్తున్నావని ఈల వేసుకుంటూ ముందుగదికి సున్నం కొడుతున్నాడు. చాలా ఏళ్ళుగా నేను అడుగుతున్న గోడ అది. అది పూర్తయ్యేదాకా ఆగుదామని ఊరుకున్నాను.

మీ వదిన


మైనం గది మేడ
ఆఖరి తేనె తీసిన మర్నాడు

వదినకి,

నీ ఉత్తరం పెట్టెల మధ్య నిలబడి చదివాను. స్తంభంలా అన్నచోట నవ్వాపుకోలేకపోయాను. కదలకూడదన్న సంగతి మరిచి నవ్వితే పెదవి మీద కుట్టింది. అందుకని, ఆ తర్వాత నేను మాట్లాడిన ఇంగ్లీషంతా ఒక పక్క వాచిన మూతితో మాట్లాడిందే. అలాగే ఊహించుకో.

నువ్వు భయపడ్డట్టే అయింది. ముసుగావిడ తేనె పీపాల దగ్గర ఉంది. నేను నోరు తెరిచేలోపే తనే అంది (ఆవిడ ఇంగ్లీషు నాకు అర్థమైనంతలో తెలుగులో రాస్తున్నాను), "నువ్వు వెళ్ళిపోతున్నావని మేస్త్రి చెప్పాడు. సంచి సర్దుకున్నావటగా. నాతో ఒక మాట అనచ్చు కదా?" అని. కోపంగా లేదు. ఇంకోలా ఉంది. నా బదులు ఇంకొకరిని చూడమని మేస్త్రికి అప్పుడే చెప్పిందట.

"ఐ నాట్ గో," అన్నాను. "ఐ కీప్ కమింగ్. ఎవ్రీ మార్నింగ్ ఐ కీప్ కమింగ్!"

"అవును, వస్తూనే ఉన్నావు. నేను లేవకముందే వస్తున్నావు. ఒక పక్క మూట కట్టుకుని, ఇంకో పక్క చీకటితో లేచి వచ్చే మనిషిని నేనేమనుకోవాలి?"

ఇంక మాటలు దొరక్క చేసి చూపించాను. ఆవిడ గుమ్మంలో ఎలా నిలబడుతుందో అలా నిలబడి, గడియారం వైపు మొహం తిప్పి, "వెల్, ఐ వోంట్ కీప్ యు" అన్నాను. తర్వాత ఇటు వచ్చి, నేను నేనై, చెయ్యి గుండె మీద పెట్టుకుని స్తంభంలా నిలబడ్డాను. తర్వాత సంచి సర్దడం కూడా చేశాను.

ఆవిడ చివరిదాకా చూసింది. అర్థమయ్యాక ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కూలబడింది. ముసుగు ఎత్తి కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళకి మొహం సరిగ్గా చూశాను. బుగ్గల నిండా మచ్చలు, చిన్నపిల్లల మొహం. "రోజూ?" అంది. "ఎవ్రీ డే," అన్నాను. "రోజూ తీసేస్తే రోజూ వచ్చావా?" అని మళ్ళీ మొదలుపెట్టింది నవ్వడం. మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు, ఆవిడకి ఏదో అయిందని.

ఇంకొకరిని చూడమన్న సంగతి అడిగింది ఆయన్ని. ఆయన మేకులు ఉమ్మి, ఇంకా ఎవరితోనూ అనలేదన్నాడు. ఏ పనైనా మూడోసారి అడిగితే గానీ చెయ్యని మనిషి. ఆ గుణం మీద ఇన్నాళ్ళూ నాకు ఒళ్ళుమంటగా ఉండేది.

అప్పుడు అడిగేశాను. "యు కీప్ మి?" అని. ఆవిడ నవ్వు ఆపింది. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాట విడివిడిగా చెప్పింది. "నేను కీప్ చేసేది ఈగల్ని. అవి కూడా ఉండాలనుకుంటేనే ఉంటాయి, లేకపోతే ఒక పొద్దున లేచిపోతాయి. మనుషుల్నైతే అడగాలి. విల్ యు స్టే?"

కంగారులో ఇంగ్లీషు రాలేదు వదినా. "ఉంటాను" అన్నాను, తెలుగులోనే. గుమ్మం దిగేటప్పుడల్లా మనం అనే మాట. అనేసి వెళ్ళిపోవడమే అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఒక అడుగు బయటికి కూడా వేశాను. ఆవిడ మొహంలో రంగు మారింది. చటుక్కున వెనక్కి వచ్చి పీపా పట్టుకుని నిలబడ్డాను. "స్టే, స్టే," అన్నాను.

ఆఖరి తేనె నిన్న తీశాం. యంత్రం తిప్పింది నేనే. ఈసారి తేనె ముదురు రంగు. నీకు ఒక సీసా, పిల్లలకి ఒక పెద్ద డబ్బా పంపుతున్నాను. నిలవుంటుందని నువ్వు దాచకు, పెట్టు.

అన్నయ్య సంగతి. గోడ అయిందా? ఇక్కడ కొట్టం వెనక నీళ్ళ పంపు ఒకటి దగ్గుతూ నడుస్తోంది. బాగుచెయ్యడానికి మంచి మనిషి ఉన్నాడని ముసుగావిడకి చెప్పాను. రమ్మంది. నా గదిలో కింద పక్క వేస్తాను, నేల వెచ్చగా ఉంటుంది. నువ్వూ సెలవులు చూసుకుని కూడా రా. అన్నయ్యతో మాత్రం, అక్కడ పంపు పూర్తిగా చెడింది, ఇంకెవరి వల్లా కాలేదట, నువ్వు పోతే గానీ కుదరదట అని చెప్పు. అప్పుడు సంచి సర్దుకుంటాడు.

నిజానికి అది అంతగా ఏమీ చెడలేదు. పొద్దున మేస్త్రి దానికి ఒక తన్ను తన్నాడు, సాయంత్రం దాకా బాగానే నడిచింది. ఆ ముక్క చదివేటప్పుడు గొంతు తగ్గించు.

నీ ఆడపడుచు